ఏసీకీ, బోరు మోటారుకూ ఒకటే ఫ్రీక్వెన్సీ

మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అదే ఫ్రీక్వెన్సీ. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ దేశ గ్రిడ్‌తో కలిసింది. అందుకే హైటెక్ సిటీ ఏసీలకూ, మీ బోరు మోటారుకూ ఫ్రీక్వెన్సీ ఒక్కటే. పెద్ద విద్యుత్ కేంద్రమేదైనా హఠాత్తుగా ఆగితే అది పడుతుంది. మోటారు నెమ్మదించి నీళ్లు తగ్గుతాయి. 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలని నిబంధన.

బ్యాటరీ కేంద్రం చిన్నదైనా సెకనులోపే ఆదుకోగలదు. ఫ్రీక్వెన్సీ పడితే కరెంటు ఇస్తుంది, పెరిగితే తీసుకుంటుంది. నిండా ఛార్జయి ఉంటే తీసుకోలేదు, ఖాళీగా ఉంటే ఇవ్వలేదు. కాబట్టి రెండింటికీ చోటుంచుకోవాలి.

మోటారు కాలడం మాత్రం వేరే సంగతి. అది ఎక్కువగా లోవోల్టేజి వల్ల. మీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఆ జబ్బు నగరంలో బ్యాటరీ పెడితే నయం కాదు. మోటారుకు సరైన కెపాసిటర్ బిగించుకోండి. ఆటో స్టార్టర్ తీసేయండి. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు.