నీమాస్త్రం ఆన్‌లైన్‌లో ఎందుకు అమ్మడం లేదంటే

పై వీడియోలో నీమాస్త్రం తయారీ చూశారు కదా. "క్యాన్లలో పోసి ఆన్‌లైన్‌లో పంపండి" అని చాలామంది అడుగుతున్నారు. పంపి చూశానండి. ఏమైందో చెప్తాను.

అప్పనపల్లి నుంచి గానుగ కొబ్బరినూనె, నవార బియ్యం అమ్మడానికి చిన్న వెబ్‌సైట్ పెట్టి ఒక పేమెంట్ గేట్‌వే తీసుకున్నాను. మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత నీమాస్త్రం కూడా పెట్టి "సహజ పురుగుమందు" అని రాశాను. నవార కింద "షుగర్ తగ్గుతుంది" అని రాశాను. వారం తిరక్కుండా సెటిల్‌మెంట్ ఆపేశారు. కస్టమర్లు కట్టిన 18,400 రూపాయలు నా ఖాతాకి రాలేదు. నూనె పార్సిళ్లు అప్పటికే వెళ్లిపోయాయి. గానుగ కూలి, కొరియర్ ఖర్చు జేబులోంచి కట్టాను.

రసాయనం లేనిదాన్ని ఆపుతారా అని మొదట ఒళ్లు మండింది. తర్వాత ఒప్పందం చదివాను (ముందే చదవాల్సింది). చాలా గేట్‌వేల నిషేధిత జాబితాల్లో సారా, జూదం సరసనే పురుగుమందులూ, రుజువు లేకుండా రోగం తగ్గిస్తామనే సరుకులూ ఉంటాయి. వ్యాపారి నకిలీ, నిషేధిత సరుకు అమ్మడం లేదని పేమెంట్ అగ్రిగేటర్లు విచారించుకోవాలని రిజర్వ్ బ్యాంక్ 2020 మార్చి 17న మార్గదర్శకాలిచ్చింది. వాళ్లు మన పొలానికి రారు కదా, పేజీలో మనం రాసిన మాటే చూస్తారు.

చట్టం చూసినా తప్పు నాదే. 1968 పురుగుమందుల చట్టం ప్రకారం మన సాగు భూమిలో మనం వాడుకోవచ్చు. అమ్మకానికి చేస్తే మాత్రం రిజిస్ట్రేషన్, లైసెన్సు కావాలి, వేప మందులకైనా సరే. 2022 నుంచి లైసెన్సుదారులు ఆన్‌లైన్‌లోనూ అమ్మొచ్చు, కానీ మనం ఇంట్లో కలిపినదానికి ఆ కాగితం ఎక్కడిది? "మొక్కల టానిక్ అని పేరు మార్చెయ్" అన్నాడు మా బావ. 2021లో బయోస్టిమ్యులెంట్లను కూడా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకి తెచ్చారు, అదీ కుదరదు. ఇక షుగర్ నయమవుతుందనే ప్రకటనలకి 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది.

రెండు మాటలూ తీసేశాను. నూనె, బియ్యానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ పంపాను. సరుకు వాపసు, డబ్బు తిరిగి ఇచ్చే గడువుల పేజీ పెట్టాను, అది కూడా ఆ మార్గదర్శకాల్లో ఉన్నదే. 41వ రోజున డబ్బు పడింది.

మీరు అమ్మేవాళ్లయితే ఈ రాత్రే మీ పేజీలో "మందు", "నయం", "తగ్గుతుంది" అనే మాటలు వెతకండి. నీమాస్త్రం మాత్రం 100 లీటర్ల నీళ్లు, 5 లీటర్ల గోమూత్రం, 5 కిలోల వేపాకుతో మొదలుపెట్టి మీరే కలుపుకోండి. మిగతా కొలతలు వీడియోలో ఉన్నాయి.