సర్కారు తుమ్మ: పైపైన కొడితే మళ్లీ వస్తది
(ఉపాధి హామీ కూలీల కోసం)

ఎండాకాలంలో బోధన్ చుట్టుపక్కల చెరువు శిఖాల్లో, కాలువ గట్ల మీద దొరికే ఉపాధి పనుల్లో కంప తీసుడు ఒకటి. గొడ్డలితో నేల మట్టానికి కొట్టి కుప్ప వేసి ఇంటికి వస్తాం. రెండు వానలు పడంగనే అదే మొద్దు నుంచి నాలుగైదు కొమ్మలు లేస్తాయి. ఈ చెట్టుకు చిగురు వచ్చే కళ్లు వేరు మెడ దగ్గర, మట్టిలో ఉంటాయి. అందుకే మొద్దు చుట్టూ గడ్డపారతో తవ్వి, సుమారు అడుగు లోతున వేరు తెంపాలి. తొలకరి తర్వాత మొలిచిన పిల్ల మొక్కలను తడి ఆరకముందే చేత్తో పీకేయండి.

వేరు తీయడానికి టైం ఎక్కువ పడుతది, కూలేమో కొలతను బట్టి వస్తది. కాబట్టి అంచనాలో ‘వేరుతో సహా’ అని ఉందా అని పని మొదలుపెట్టే ముందే టెక్నికల్ అసిస్టెంట్‌ను అడగండి. అడగడం మీ హక్కు.

ఇది మన చెట్టు కాదు, అమెరికా ఖండం వైపుది. 1870ల చివర్లో వంటచెరకు కోసం కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. కట్టె బాగా మండుతది, బొగ్గు గట్టిగా ఉంటది, పూలకు తేనెటీగలు వస్తాయి. పనికిరాని చెట్టని నేను అనను. చిక్కంతా కాయతోనే. తీయగా ఉంటదని మేకలు, బర్రెలు తింటాయి, గింజ మాత్రం అరగదు, పెంటికల్లో పడి మొలుస్తది. శిఖంలో మేసే మందే విత్తనం చల్లుతున్నట్టు లెక్క. కాయలను ఎండబెట్టి, గింజ నలిగేదాకా పిండి పట్టించి దాణాలో కొద్దిగా కలపవచ్చు. వట్టి కాయలే కడుపునిండా తింటే పశువుకు జబ్బు చేస్తది.

కొట్టిన కట్టె ఎవరికి పోవాలో ముందే పంచాయతీలో తేల్చుకోండి.

నల్లతుమ్మను మాత్రం ముట్టకండి. దాని పువ్వు పసుపు ఉండలా గుండ్రంగా, కాయ పూసల దండలా నొక్కులుగా ఉంటది. సర్కారు తుమ్మ పువ్వు పొడుగ్గా కంకిలా వేలాడుతది.

ఇక ముల్లు. లోపల ముక్క విరిగి ఉండిపోతే చీము పడుతది. కీలు దగ్గర గానీ కంటి దగ్గర గానీ గుచ్చుకుంటే ఇంట్లో సూదితో తీయొద్దు, దవాఖానకే పోవాలి. టీటీ సూది సంగతి కూడా అక్కడే అడగండి. ఉపాధి హామీ చట్టం ప్రకారం పని దగ్గర ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. పని వల్ల గాయమైతే వైద్యం ఉచితం. ఆసుపత్రిలో చేర్చుకుంటే మందులతో పాటు, రోజుకు కూలిలో సగానికి తగ్గకుండా భత్యం ఇవ్వాలి.

అయితే గాయమైన రోజే మేట్‌కు చెప్పి, ఏ పని దగ్గర, ఎన్ని గంటలకు అయిందో రాయించండి. ‘ముల్లే కదా’ అని ఇంటికి వెళ్లిపోతే, వారం తర్వాత కాలు వాచినప్పుడు అది పనిలో గుచ్చుకున్నదే అని చూపించడం కష్టం.