వాలియం అంటుకునే చోటు ఎలా దొరికింది?

ఆందోళనకు, మూర్ఛకు వాడే డయాజెపామ్ 1963లో వాలియం పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. మెదడులో అది సరిగ్గా ఎక్కడ పనిచేస్తుందో అప్పటికి తెలియదు. 1977లో డెన్మార్క్, స్విట్జర్లాండ్‌లలోని రెండు బృందాలు ఆ మందు అంటుకునే ప్రత్యేక స్థానాలు మెదడులో ఉన్నాయని చూపించాయి. ఇక ఆ స్థానాన్ని మోస్తున్న ప్రొటీన్‌ను విడిగా బయటికి తీయాలి.

అసలు చిక్కంతా అక్కడే. ఈ గ్రాహక ప్రొటీన్ కణపొరలోని కొవ్వులో కూరుకుపోయి ఉంటుంది, నీటిలో కరగదు. పశువుల మెదడును నూరి, డిటర్జెంట్‌తో దాన్ని పొరలోంచి లాగాలి. డిటర్జెంట్ చాలకపోతే ప్రొటీన్ బయటికి రాదు. మరీ ఎక్కువైతే ఆకృతి చెడి మందును పట్టుకోలేదు. చుట్టూ ఉండే కొవ్వు ఎంత అవసరమో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధకులు మరో మెదడు ప్రొటీన్, సెరటోనిన్ 1ఏ గ్రాహకం విషయంలో చూపించారు. కొలెస్టరాల్ తగ్గితే దాని బంధన శక్తి తగ్గింది, మళ్లీ చేర్చితే కోలుకుంది.

లండన్‌లో ఎరిక్ బర్నార్డ్ బృందం మందునే ఎరగా వేసింది. డయాజెపామ్ కుటుంబానికి చెందిన అణువును సన్నని పూసలకు కట్టి, వాటి మీదుగా మెదడు ద్రావణాన్ని పంపారు. మిగతా ప్రొటీన్లు జారిపోయాయి, గ్రాహకం పూసలను పట్టుకుంది. అదే కుటుంబపు మరో మందును ఎక్కువగా పోస్తే అది పూసలను వదిలింది. ఈ ఫలితాలను 1983లో వివరంగా ప్రచురించారు.

దొరికింది అదేనా? తేల్చేది కొలతే. ట్రిటియం చేర్చిన, అంటే స్వల్పంగా రేడియోధార్మికత గల మందును ప్రొటీన్‌తో కలిపి, అంటుకోని భాగాన్ని వడపోతతో తీసేసి, మిగిలిన రేడియోధార్మికతను లెక్కిస్తారు. మందు గాజు వడపోత కాగితానికి, డిటర్జెంట్‌కు కూడా కొంత అంటుకుంటుంది. అందుకే రేడియోధార్మికత లేని మందును మితిమీరి కలిపిన మరో గొట్టాన్ని పక్కనే నడుపుతారు. అసలు స్థానాలను అది ఆక్రమించేస్తుంది కనుక, అక్కడ కనిపించే లెక్కంతా వృథా అంటుకోవడమే. దాన్ని తీసివేయాలి. ఈ తీసివేత లేని బంధన కొలతను నమ్మడానికి లేదు. ఇంకో ఇబ్బంది: డిటర్జెంట్‌లో కరిగిన గ్రాహకం వడపోత కాగితంలోంచి జారిపోతుంది. పాలిఇథిలీన్ గ్లైకాల్ పోసి ముందుగా దాన్ని గడ్డకట్టించాలి.

మందు గాఢతను పెంచుతూ పోతే ఒక దశలో స్థానాలన్నీ నిండిపోతాయి. సగం నిండే గాఢత ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది. డయాజెపామ్‌కు అది కొన్ని నానోమోలార్లే. మొత్తం స్థానాల సంఖ్య శుద్ధతను చెబుతుంది. శుద్ధి చేయని మెదడు పొరల్లో మిల్లీగ్రాము ప్రొటీన్‌కు ఒకటి రెండు పికోమోళ్ల స్థానాలే ఉంటాయి. గ్రాహకం బరువు సుమారు 2.5 లక్షల డాల్టన్లు, అణువుకు ఒక స్థానం అనుకుంటే, పూర్తిగా శుద్ధమైన మిల్లీగ్రాములో దాదాపు 4,000 పికోమోళ్లు ఉండాలి. అంటే శుద్ధి వేల రెట్లు జరగాలి.

శుద్ధమైన ఆ ప్రొటీన్ గాబా స్థానానికి అంటుకునే మస్కిమోల్‌నూ పట్టుకుంది. మెదడు వేగాన్ని తగ్గించే గాబాకూ, వాలియానికీ చోటు ఒకే ప్రొటీన్‌పై ఉందని అలా తేలింది. డయాజెపామ్ సొంతంగా ఆ ప్రొటీన్‌లోని క్లోరైడ్ ద్వారాన్ని తెరవదు, గాబా పనిని పెంచుతుంది. బార్బిచురేట్లు మాత్రం మోతాదు పెరిగితే గాబా లేకున్నా దాన్ని తెరుస్తాయి. అవి మరింత ప్రమాదకరం కావడానికి ఇదొక కారణం. శుద్ధ ప్రొటీన్ ముక్కల్లోని అమైనో ఆమ్లాల వరుస ఆధారంగా 1987లో ఈ గ్రాహకపు జన్యువులను పట్టుకోగలిగారు.