కణమునకు కావలి: పి53 మాంసకృత్తును గుర్తించు ప్రతిరక్షకము

సుపేలా భిలాయి ఉక్కునగరము నానుకొనియున్న బజారుపేట. సోవియట్ దేశముతో 1955లో కుదిరిన ఒడంబడిక ఫలితముగా ఇచ్చట వెలసిన కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959లో పనిచేయ నారంభించెను. పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ ప్రాంతమున పెక్కు గలవు. ఇచ్చట తయారగు రైలుపట్టాలను లోపలి పగుళ్లకై పరీక్షించి, లోపమున్నదానిని వేరుచేయుదురని వారెరుగుదురు. మన జీవకణములయందును ఇట్టి తనిఖీదారు కలదు. దాని పేరు పి53.

పి53 చేయు పని

ఇది 393 అమైనో ఆమ్లములు గొలుసుగా కూడిన మాంసకృత్తు. దీని జన్యువు 17వ క్రోమోజోముపై నున్నది. పొగాకు విషముల వంటివానిచే కణములోని జన్యుపదార్థము చెడినప్పుడు పి53 కణవిభజనను నిలిపి, మరమ్మతుకు వ్యవధి నిచ్చును. మరమ్మతు సాధ్యము కానిచో ఆ కణము తనంతట తానే నశించునట్లు చేయును. ఈ జన్యువే చెడినచో లోపముగల కణములు అడ్డులేక పెరుగును. మానవులకు వచ్చు కాన్సరులలో దాదాపు సగమునందు ఈ లోపము కానవచ్చుచున్నది.

1979లో దీనిని కనుగొన్నప్పుడు ఇది కాన్సరును పెంచునదని తలచిరి. తొలుత పరీక్షించిన నమూనాలు చెడిన జన్యువునుండి వచ్చినవని తరువాత తెలిసెను. 1989లో దీని నిజస్వభావము తేటపడెను.

ప్రతిరక్షకము పనిచేయు విధము

పరాయి పదార్థమును పట్టుకొనుటకు శరీరము తయారుచేయు మాంసకృత్తే ప్రతిరక్షకము. తాళమునకు తగిన చెవివలె అది తనకు సరిపడు భాగమునకే అంటుకొనును. ఒకే విధమగు ప్రతిరక్షకమును ఎడతెగక తయారుచేయు ఉపాయమును కోలర్, మిల్‌స్టైన్ 1975లో కనిపెట్టి, 1984లో యెర్నెతో కలసి నోబెల్ బహుమానము నందిరి. ఈ పద్ధతిని చిట్టెలుక కణములనుండి పొందిన డీఓ-7 అను ప్రతిరక్షకము పి53ను పట్టుకొనును.

రోగినుండి తీసిన చిన్న ముక్కను మైనములో పొదిగి, పలుచని పొరగా కోసి, గాజుపలకపై నుంచెదరు. దానిపై ప్రతిరక్షకమును, పిదప రంగు పుట్టించు ద్రవ్యమును వేసెదరు. పి53 ఉన్నచోట కణకేంద్రకము గోధుమరంగు దాల్చును.

ఫలితము నెట్లు గ్రహింపవలెను?

ఆరోగ్యముగల కణములలో పి53 పుట్టిన కొలది నిమిషములలోనే విచ్ఛిన్నమగుచుండును. కావున రంగు అక్కడక్కడ లేతగా మాత్రమే కనబడును. చెడిన పి53 తరచుగా విచ్ఛిన్నము గాక పోగుపడుటచే, కాన్సరు కణములన్నియు ముదురు రంగు దాల్చవచ్చును. కొన్నియెడల జన్యువు తెగిపోయి మాంసకృత్తే తయారు కాదు. అప్పుడు రంగు బొత్తిగా నుండదు. అనగా రంగు లేకుండుట క్షేమమునకు గుర్తు కానేరదు. డీఓ-7 మంచి పి53ను, చెడినదానిని గూడ పట్టుకొనును. ఈ రెంటికిని భేదము చెప్పజాలదు. కావుననే తెలిసిన నమూనాలను ప్రక్కన నుంచి సరిచూడవలెను.

"పరిశోధనార్థము మాత్రమే" అని ముద్రించిన సీసాలోని ప్రతిరక్షకము రోగనిర్ణయమునకు ఉద్దేశింపబడినది కాదు. ఈ ఒక్క పరీక్షచేత కాన్సరు ఉన్నదనిగాని లేదనిగాని నిర్ణయింపరాదు. ముక్కను సూక్ష్మదర్శినితో చూచిన వైద్యుడు తక్కిన లక్షణములతో కలిపి దీని యర్థమును చెప్పును.

మన కర్తవ్యము

ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున పండ్లకు రుద్దు గుడాఖు పొగాకుతో చేసినదే. ఖైనీ, గుట్కాలును నోటి కాన్సరునకు కారణములే. నోటిలో పుండు మూడు వారములకు మానకున్నను, తెల్లని లేక ఎర్రని మచ్చ నిలిచియున్నను, నోరు తెరచుట కష్టమైనను, నొప్పి లేదని ఊరకుండరాదు. వెంటనే ప్రభుత్వ వైద్యశాలకుగాని కర్మాగారపు ఆసుపత్రికిగాని పోయి చూపించుకొనవలెను. ముక్క తీసినచో రోగము వ్యాపించునను భయము నిరాధారము. లోపమున్న పట్టాను బండి రాకముందే తొలగించుట యెంత ముఖ్యమో, రోగమును ముదురకముందే గుర్తించుట యంత ముఖ్యము.