సడక్ మీద సైన్యం, సడక్ దిగితే ఊరు

యుద్ధం గురించి వ్యాసం అనగానే మన సంచికల్లో పానిపట్టో ప్లాసీయో ప్రత్యక్షమవుతుంది. నేను అంత దూరం పోదలచుకోలేదు. మా ఊరు కోహీర్ దాకా వస్తే చాలు. జామపండ్లకు పేరుపడ్డ ఊరు గనుక జహీరాబాద్ వైపు వెళ్ళిన మిత్రులకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, అంతకు ముందు మెదక్. 1948లో మాత్రం నిజాం రాజ్యంలోని బీదర్ జిల్లా. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఎన్.సి.సి. క్యాంపులో చేతికి మ్యాపు ఇచ్చి ఫలానా గుట్ట పట్టుకొమ్మంటారు. గుట్ట ఎక్కగానే విజిల్ మోగుతుంది. ఎక్సర్‌సైజు అయిపోయింది, ఇక టీ తాగొచ్చు. గుట్ట కింద ఊరుంటే దాని సంగతేమిటని ఎవ్వరూ అడగరు. నిజానికి సైనికశాస్త్రంలో కష్టమైన పాఠం అక్కడే మొదలవుతుంది. తిరుగుబాటును అణచడం, శాంతిని నిలబెట్టడం అని దానికి పెద్ద పేర్లున్నాయి. గెలిచిన మర్నాడు పొద్దున ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుంది అన్నది దాని అసలు ప్రశ్న.

హైదరాబాదు మీద సైనిక చర్యకు 'ఆపరేషన్ పోలో' అని పేరు. 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురి నాయకత్వంలో ప్రధాన దళం షోలాపూర్ నుంచి కదిలింది. తూర్పున విజయవాడ నుంచి మరో దళం బయలుదేరింది. షోలాపూర్ నుంచి సికిందరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. సెప్టెంబరు 16న లెఫ్టినెంట్ కర్నల్ రాంసింగ్ దళం జహీరాబాద్ వైపు వచ్చింది. దారిలో మందుపాతరలు తీసేదాకా ఆగవలసి వచ్చింది. బీదర్ రోడ్డు కలిసేచోట పొంచివున్నవాళ్ళు కాల్పులు జరిపారు. అక్కడ కొందరిని వదిలి, మిగతా దళం చీకటి పడేసరికి జహీరాబాద్ దాటి 15 కిలోమీటర్లు వెళ్ళింది. అంటే ఆ రాత్రి సైన్యం మా ఊరి చుట్టుపక్కలే దిగివుండాలి. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. వేగానికి, ఎత్తుగడకు ఈ ప్లానును మెచ్చుకోక తప్పదు.

మరి ఊళ్ళ సంగతి? ప్లాను బొత్తిగా లేదనడం అన్యాయం. చౌదురి మిలటరీ గవర్నరయ్యాడు, డి.ఎస్. బాఖ్లే అనే ఐ.సి.ఎస్. అధికారి సివిల్ పాలన చూశాడు. పక్క రాష్ట్రాల నుంచి అధికారుల్ని, పోలీసుల్ని రప్పించారు. కానీ పాత పోలీసు ఒక్కసారిగా కుప్పకూలినచోట కొత్త పోలీసు చేరడానికి రోజులు పడుతుంది. రజాకార్ల దౌర్జన్యాలకు పగతో రగిలినవాళ్ళకు, ఊరికే దోచుకుందామనుకున్నవాళ్ళకు ఆ రోజులు చాలాయి. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో జిల్లాలు తిరిగింది. చనిపోయినవారు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 అని అంచనా కట్టింది. ఎక్కువమంది ముస్లింలే. అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్న నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్, మా బీదర్. కొన్నిచోట్ల సైనికులు జనాన్ని కాపాడారనీ, కొన్నిచోట్ల దోపిడీలో చెయ్యి కలిపారనీ అదే నివేదిక చెప్పింది. తోటి ముస్లిం సాలెల కోసం ప్రాణాలొడ్డిన హిందూ సాలెల గురించీ రాసింది. ఇంతటి నివేదిక 2013 దాకా జనం కంటబడలేదు. చరిత్ర విద్యార్థిగా నాకు బాధ కలిగించేది ఇదే. తప్పును దాచిపెడితే తర్వాతివాళ్ళు దాన్నుంచి ఏం నేర్చుకోవాలి?

ఇక నల్గొండ, వరంగల్లు. అక్కడ రైతాంగ పోరాటం 1946 నుంచే నడుస్తోంది. నిజాం లొంగాక అదే సైన్యం కమ్యూనిస్టు దళాలవైపు తిరిగింది. సైన్యం వెనకే పారిపోయిన దొరలు కొందరు గడీలకు తిరిగొచ్చారు. దున్నేవాడి దృష్టిలో దీనికి ఒకటే అర్థం, భూమి పోతుందని! తుపాకీతో ఏళ్ళు గడిచాయి. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబాకు దక్కిన 100 ఎకరాల దానం వచ్చాయి. ఆ అక్టోబరులోనే పోరాట విరమణ జరిగింది. భూమి చట్టాల వల్లనే విరమణ అని నేననను, అలసట, అణచివేత, పార్టీలోని తగాదాలు కూడా కారణాలే.

అదే కాలంలో మలయాలో బ్రిగ్స్ ప్లాను కింద బ్రిటిషువాళ్ళు సుమారు 5 లక్షలమందిని ముళ్ళకంచెల ఊళ్ళలోకి తరలించారు. అక్కడ పనిచేసిన రాబర్ట్ థామ్సన్ 1966లో పుస్తకం రాస్తూ, ప్రభుత్వం తాను చట్టానికి కట్టుబడి ఉండాలని సూత్రం పెట్టాడు. ముళ్ళకంచె వేసినవాళ్ళ నోట చట్టం మాట కొంచెం విడ్డూరమే, అయినా మాట సరైనదే. మనకు మిజోరంలోని వైరెంగ్తేలో 1970 నుంచి ఇందుకోసమే సైనిక పాఠశాల ఉంది, మన పోలీసులకు 1989లో గ్రేహౌండ్స్ దళం వచ్చింది. అడవిలో నడక, గురి, పొంచివుండటం బాగానే నేర్పుతారు. పట్టాలు, కచేరీ, రేషను కూడా అంతే శ్రద్ధగా నేర్పాలని నా కోరిక.

ఈ వ్యాసం రాసేముందు మా నాయినమ్మను అడిగాను. అప్పుడామెకు ఎనిమిదేండ్లు. ఇంటిల్లిపాదీ జొన్నచేలల్ల దాక్కున్నారట. "మిలట్రోళ్ళను చూసినవా?" అన్నాను.

"యాడ బిడ్డా! ఆళ్ళు సడక్ మీదకెల్లే పట్నం పోయిండ్రు. సడక్ మీద పోయెటోళ్ళకు ఊరు గానొస్తదా?"

"మరి తర్వాత ఊళ్ళోకి ఎవరొచ్చారు?"

"మొదాలు దొంగలొచ్చిండ్రు. కచేరీ మనిషి దసరా అయినంక వచ్చిండు."