ఈ తాళపత్రం ఎవరిది? – రాతప్రతుల యాజమాన్య చరిత్ర



ఇల్లు కొనేటప్పుడు అమ్మేవారి పేరు మీద ఉన్న పత్రం ఒక్కటే చూసి ఎవరూ డబ్బు ఇవ్వరు. ఆయనకు ఆ ఇల్లు ఎలా వచ్చింది, అంతకు ముందు ఎవరిది, అది కొన్నదా, వారసత్వమా, దానమా అని వెనక్కి వెళుతూ లింకు డాక్యుమెంట్లన్నీ చూస్తారు. నడుమ ఒక పత్రం లేకపోతే బ్యాంకు అప్పు ఇవ్వడానికి వెనకాడుతుంది. పాత రాతప్రతుల విషయంలో పరిశోధకులు చేసేదీ ఇదే పని. ప్రతిని ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, తర్వాత ఎవరెవరి చేతులు మారింది అన్న వరుసనే యాజమాన్య చరిత్ర అంటారు. చరిత్ర, సాహిత్యం, గ్రంథాలయ శాస్త్రం చదివేవారికి ఇది తప్పనిసరి పాఠం. మిగతావారు కూడా తెలుసుకోదగినదే.

ఒక విదేశీ ఉదాహరణ

మధ్యయుగాల ఐరోపాలో తోలు మీద రంగులతో, బొమ్మలతో అలంకరించిన గ్రంథాలు తయారయ్యేవి. ఇంగ్లండులోని లిండిస్ఫార్న్ సువార్త గ్రంథం వాటిలో పేరు పొందినది. ఇది 8వ శతాబ్ది ఆరంభంలో రాసినది. 10వ శతాబ్దిలో ఆల్డ్రెడ్ అనే మతగురువు దాని చివర ఒక మాట చేర్చాడు. రాసినవారు, అట్ట కట్టినవారు, నగిషీ చేసినవారు ఎవరెవరో పేర్లతో చెప్పి, వరుసల మధ్య ఆంగ్లార్థం రాసినది తానని చెప్పుకున్నాడు. తర్వాత 17వ శతాబ్దిలో ఆ గ్రంథం సర్ రాబర్ట్ కాటన్ చేతికి వచ్చింది. ఆయన సేకరణ 1753లో బ్రిటిష్ మ్యూజియం స్థాపనకు పునాది అయింది. ఇప్పుడా గ్రంథం బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. కాటన్ సేకరణలోనిది అన్న ఒక్క మాటతో ఆగిపోతే అసలు చేసినవారి పేర్లు మనకు తెలిసేవి కావు. ఆల్డ్రెడ్ రాసిన కొద్ది వాక్యాలే వాటిని కాపాడాయి.

మన ఊళ్ళో ఉన్న ఉదాహరణ

ఇలాంటి కథ తెలుసుకోవడానికి లండను దాకా వెళ్ళనక్కరలేదు. చెన్నైలో 1869లో ఏర్పడిన ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉంది. చాలాకాలం చేపాక్కంలోని మద్రాసు విశ్వవిద్యాలయ ఆవరణలో ఉండి, తర్వాత కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయ భవనానికి మారింది. దీనికి మొదటి మూలధనం మూడు సేకరణలు.

మొదటిది కల్నల్ కాలిన్ మెకంజీ సేకరణ. స్కాట్లండుకు చెందిన ఆయన 1783లో మద్రాసు వచ్చారు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యారు. సర్వే పనితోపాటు తాళపత్రాలు, గ్రామ కైఫీయతులు, శాసనాల నకళ్ళు, నాణేలు కూడబెట్టారు. 1821లో ఆయన చనిపోయాక ఈస్టిండియా కంపెనీ ఆ సేకరణను ఆయన భార్య నుంచి లక్ష రూపాయలకు కొన్నది. 1828లో విల్సన్ ప్రకటించిన జాబితాలో సాహిత్య ప్రతులే 1,568, శాసనాల నకళ్ళు 8,076 ఉన్నాయి. అప్పటికే కొంత భాగం లండను చేరింది. దక్షిణాది భాషల ప్రతులు మద్రాసుకు తిరిగి వచ్చాయి. ఒకే ఆస్తి ఇలా భాగాలుగా విడిపోయింది.

రెండవది జాన్ లేడెన్ అనే డాక్టరు సేకరణ. 1803లో మద్రాసు వచ్చిన ఆయన 1811లో జావా ద్వీపంలో మరణించారు. ఆయన ప్రతులు లండనులోని కంపెనీ గ్రంథాలయానికి చేరాయి. సెలవు మీద ఇంగ్లండు వెళ్ళిన సి.పి. బ్రౌన్ 1837లో వాటిని అక్కడ గుర్తించి మద్రాసుకు తిరిగి రప్పించారు. మూడవది ఆ బ్రౌన్ సొంత సేకరణ. ఆయన ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, జూలూరి అప్పయ్య మొదలైన పండితుల చేత పాఠాలు సరిచూపించి, శుద్ధప్రతులు రాయించారు. ఆ సేకరణను తన దగ్గరే ఉంచుకోక మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించారు.

ఈ మూడింటిలో మూడు రకాల బదిలీలు కనిపిస్తాయి. ఒకటి అమ్మకం, ఒకటి తిరిగి రప్పించడం, ఒకటి దానం. వీటికి తోడు నకలు అనేది వేరే ఉంది. ఎవరో ఇచ్చిన ప్రతిని చూసి రాసుకుంటే కొత్త ప్రతి ఒకరిది, మాతృక మరొకరిది. లాకరులో నగ ఉన్నంత మాత్రాన అది బ్యాంకుది కానట్టే, ప్రతి ఒకరి దగ్గర దొరికినంత మాత్రాన అది వారి వంశానిదే అనుకోరాదు.

తేదీ తేల్చడానికి ఎలా పనికొస్తుంది?

మన లేఖకులు ప్రతి చివర సంవత్సరం, మాసం, తిథి వేస్తారు. చిక్కేమిటంటే ప్రభవాది సంవత్సరాలు 60 ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. ఒక ప్రతి మీద శక సంవత్సరం లేకుండా ‘ప్రభవ’ అని మాత్రమే ఉందనుకోండి. అది 1747-48 కావచ్చు, 1807-08 కావచ్చు, 1867-68 కూడా కావచ్చు. ఆ ప్రతి మెకంజీ సేకరణలోదే అని ఆధారంతో తేలితే, 1821లోనే చనిపోయిన మనిషి దగ్గర 1867 నాటి ప్రతి ఉండదు కనుక ఆ తేదీని కొట్టివేయవచ్చు. మిగిలినవాటిలో ఏది అన్నది లిపి, ఆకు, లేఖకుని పేరు చూసి తేల్చాలి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ప్రతికి ఈ సాయం దొరకదు.

పేరు ఎవరిది, శ్రమ ఎవరిది?

మెకంజీ సేకరణ అని మనం అంటున్నాం. మెకంజీకి మన భాషలు రావు. ఊరూరా తిరిగి కరణాలను, పూజారులను అడిగి ఆ ప్రతులు సేకరించినవారిలో ముఖ్యులు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. పెద్దవారైన బొర్రయ్య పాత కన్నడ శాసనాలు చదవడంలో దారి చూపి, 1803లో చిన్న వయసులోనే పోయారు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నారు. మరో తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో అచ్చు వేయించారు. మెకంజీ పోయిన తర్వాత ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నారు. మద్రాసు లిటరరీ సొసైటీ మద్దతు ఇచ్చింది. అయినా స్వదేశీయుడు ఇంతటి పనిని సొంతంగా నడపగలడా అన్న అనుమానంతో 1830 దశకంలో దాన్ని తోసిపుచ్చారు.

కొన్నవారి పేరు కేటలాగు మీద నిలిచింది, కొన్నది కూడబెట్టినవారి పేరు లోపలి కాగితాల్లో ఉండిపోయింది. రాసినవారు, దాచినవారు, సేకరించినవారు, కొన్నవారు అందరూ వరుసలో ఉన్నప్పుడే యాజమాన్య చరిత్ర పూర్తవుతుంది. మీరు ఎప్పుడైనా ఒక ప్రతి గురించి వ్యాసం రాస్తే ఆ వరుసలో ఎవరినీ వదలకండి.

మీ ఇంట్లో తాళపత్రాలు ఉంటే

మన సంఘంలో తాతముత్తాతల నాటి తాళపత్ర కట్టలు అటక మీదో, పూజగదిలోనో ఉన్న కుటుంబాలు ఉన్నాయి. వాటి విషయంలో ఈ జాగ్రత్తలు పాటించండి.

1. ఆకుల వరుస మార్చకండి. తాడు తెగితే వరుస చెదరకుండా అలాగే గుడ్డలో చుట్టండి. తడిగుడ్డతో తుడవకండి.

2. కట్టకు చుట్టిన పాత గుడ్డను, చెక్కలను, లోపలి చీటీలను పారవేయకండి. యజమాని పేరు చాలాసార్లు వాటి మీదే ఉంటుంది.

3. ఆ కట్ట ఏ ఊరిది, ఎవరి ద్వారా వచ్చింది అన్నది ఇంట్లో పెద్దవారిని అడిగి, తేదీ వేసి ఒక కాగితం మీద రాసిపెట్టండి. వారు ఉండగానే ఈ పని చేయాలి.

4. పాత సామాన్లవారికి అమ్మకండి. విడి ఆకులుగా అమ్ముడైన ప్రతికి మళ్ళీ చరిత్ర కూర్చడం దాదాపు అసాధ్యం. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం 75 ఏళ్ళు దాటిన, చారిత్రక లేదా సాహిత్య విలువ గల రాతప్రతి పురావస్తువే. దాన్ని విదేశాలకు పంపే హక్కు వ్యక్తులకు లేదు.

5. ఇంట్లో భద్రపరచలేకపోతే ప్రభుత్వ భాండాగారానికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మీరు రాసిపెట్టిన కాగితాన్ని కూడా జతచేసి, రసీదు తీసుకోండి.

ఈ సెలవుల్లో విద్యార్థులు ఒక చిన్న పని చేయాలి. మీ ఇంట్లోని అన్నిటికన్నా పాత పుస్తకం, అచ్చుదైనా సరే, తీసుకుని దాని మీదున్న పేర్లు, ముద్రలు, తేదీలు వరుసగా ఒక పేజీలో రాయండి. అది మీ చేతికి ఎలా వచ్చిందో చివరి వరుసలో చేర్చండి. తర్వాతి తరానికి అదే లింకు డాక్యుమెంటు.