డిగ్రీ చదువు – బ్యాంకు శిక్షణ
పంచాయతీ సభ్యులు గ్రహింపవలసిన విషయములు

గ్రామమున ఒక యువకుడు గాని యువతి గాని డిగ్రీ పరీక్షయందు కృతార్థులైనచో అది ఊరికంతకును గర్వకారణము. కాని పట్టా చేతికి వచ్చిన పిమ్మట రెండు మూడు సంవత్సరములు దరఖాస్తులు పంపుచు ఇంటియందే కాలము గడపవలసి వచ్చుట కుటుంబమునకు భారము, గ్రామమునకు నష్టము. ఈ కొరతను కొంతవరకు తీర్చుటకు చదువును, పనిని జతపరచు అప్రెంటిస్ శిక్షణ పద్ధతి అమలులో నున్నది. బ్యాంకులు, భీమా సంస్థలు మొదలగు ఆర్థిక రంగమునను దీనికి అవకాశములు కలవు.

అనకాపల్లి జిల్లాలోని సబ్బవరం మండలమును ఉదాహరణముగా గైకొందము. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల విభజన జరుగువరకు ఇది విశాఖపట్నం జిల్లాలోనిది. 2008లో ఏర్పడిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము ఇచ్చటనే కలదు. 2016లో ఆరంభమైన భారత పెట్రోలియం, ఇంధన విద్యాసంస్థకు ఈ మండలములోని వంగలి గ్రామమున స్థలము కేటాయింపబడినది. ఇతర రాష్ట్రముల విద్యార్థులు సైతము ఈ ప్రాంతమునకు వచ్చి చదువుకొనుచుండగా, ఇదే మండలమున బి.కాం. చదివిన రైతుబిడ్డకు బ్యాంకులో ఒక సంవత్సరము పని నేర్చుకొను మార్గమున్నదని తెలియకపోయినచో అది విచారకరము గదా!

ఈ పద్ధతి ఎట్టిది?

అప్రెంటిస్‌ల చట్టము 1961లో చేయబడినది. మొదట ఇది కర్మాగారములలోని చేతిపనులకు ఉద్దేశింపబడినది. 1973లో ఇంజనీరింగు పట్టభద్రులకును, 2014 సవరణతో బి.ఏ., బి.కాం. వంటి ఇతర పట్టభద్రులకును ఇందు చోటు లభించినది.

పట్టభద్రులకు ఇందు రెండు దారులు కలవు. మొదటిది, డిగ్రీ చదువులోనే శిక్షణ అంతర్భాగమై యుండుట. దీనికై విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2020లో మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. ఇందు కనీసము ఒక సెమిస్టరు కాలము విద్యార్థి ఒక సంస్థలో పని నేర్చుకొనవలెను. ఆ పనికి చదువులో మార్కుల వలెనే విలువ కట్టబడును. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 విద్యా సంవత్సరమున ప్రవేశపెట్టిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో 10 నెలల ఇంటర్న్‌షిప్ చేర్చబడినది. రెండవ దారి, పట్టా పొందిన పిమ్మట బ్యాంకు వంటి సంస్థలో శిక్షణకు చేరుట.

ఇది మనకు బొత్తిగా క్రొత్త విషయము కాదు. 1949 నాటి చట్టముతో ఏర్పడిన చార్టర్డు అకౌంటెంట్ల సంస్థ, తన విద్యార్థులు అనుభవజ్ఞుడైన ఆడిటరు వద్ద కొన్ని సంవత్సరములు పని నేర్చుకొనవలెనని నియమించినది. ఈ కాలము పూర్వము 3 సంవత్సరములు. 2023లో వచ్చిన క్రొత్త పద్ధతిలో 2 సంవత్సరములు. బ్రిటనులో 2015 నుండి డిగ్రీ అప్రెంటిస్ పద్ధతి నడచుచున్నది. అచ్చట విద్యార్థి ఫీజు కట్టనక్కరలేదు. యజమానియు ప్రభుత్వమును భరింతురు.

భృతి ఎంత?

2019లో సవరించిన నియమముల ప్రకారము పట్టభద్రుడైన అప్రెంటిస్‌కు నెలకు ఇచ్చు భృతి రూ.9,000కు తగ్గరాదు. జాతీయ అప్రెంటిస్ శిక్షణ పథకము క్రింద ఈ కనీస మొత్తములో సగము కేంద్ర ప్రభుత్వము భరించును.

భారతీయ స్టేట్ బ్యాంకు 2023లో 6,160 అప్రెంటిస్ స్థానములకు ప్రకటన చేసినది. అందు ఆంధ్రప్రదేశ్‌కు 390. శిక్షణ ఒక సంవత్సరము. భృతి నెలకు రూ.15,000, ఇతర అలవెన్సులు లేవు. 2024లో కెనరా బ్యాంకు పిలిచిన శిక్షణకును భృతి రూ.15,000. అందు రూ.10,500 బ్యాంకుది, రూ.4,500 ప్రభుత్వముది. 1923లో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఆ యూనియన్ బ్యాంకు కూడ అప్రెంటిస్‌లను తీసికొనినది.

ఉద్యోగము కాదు, శిక్షణ

సభ్యులు ముఖ్యముగా గ్రహింపవలసిన సంగతి ఇది. చట్టము దృష్టిలో అప్రెంటిస్ విద్యార్థియే గాని ఉద్యోగి కాడు. ఒడంబడికలో ప్రత్యేకముగా వ్రాసియున్న తప్ప, శిక్షణ ముగిసిన పిమ్మట ఉద్యోగమిచ్చు బాధ్యత సంస్థకు లేదు. సంవత్సరము గడచి యువకుడు ఇంటికి తిరిగి వచ్చినచో, "బ్యాంకు వారు తీసివేసినారు" అని ఊరివారు అనుకొనుట సరికాదు. అతడు శిక్షణ ముగించుకొని, ధ్రువపత్రముతో వచ్చినాడు. ఈ భేదము తల్లిదండ్రులకు ముందుగానే తెలిపినచో పిమ్మట మనస్తాపముండదు.

ఇంకొక సంగతి. ఒకమారు అప్రెంటిస్‌గా శిక్షణ పొందినవారు మరల అట్టి శిక్షణకు అర్హులు కారని స్టేట్ బ్యాంకు తన ప్రకటనలో తెలిపినది. కావున ఏ సంస్థలో చేరవలెనో ఆలోచించి నిర్ణయించుకొనవలెను. నగరమున బస, భోజనముల ఖర్చు పోగా భృతిలో మిగులునదెంతయో ముందే లెక్క వేసికొనవలెను.

గ్రామమునకు కలుగు మేలు

పంట రుణమును చూడుడు. కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ పథకము 2025–26 సంవత్సరమునకును కొనసాగింపబడినది. దీని క్రింద వడ్డీ 7 శాతము. గడువులోగా చెల్లించిన రైతుకు 3 శాతము తగ్గింపు. అనగా లక్ష రూపాయల అప్పుపై సంవత్సరమునకు రూ.7,000 బదులు రూ.4,000 మాత్రమే. గడువు దాటినచో ఆ రూ.3,000 రైతు చేజారిపోవును. ఈ లెక్కను రైతుకు అతని భాషలో, అతని ముంగిట నిలిచి వివరింపగల యువకుడు ఊరిలో నున్నచో ఎందరి సొమ్ము మిగులునో ఊహింపవచ్చును. మహిళా సంఘముల పుస్తకములు, సహకార సంఘపు పద్దులు సరిగా నడచుటకును ఇట్టివారు తోడ్పడుదురు. ఉద్యోగము వచ్చినను, రాకున్నను ఈ విద్య వ్యర్థము కాదు.

పంచాయతీ కర్తవ్యము

1. ఊరిలో డిగ్రీ చదువుచున్నవారి, చదువు ముగించినవారి జాబితాను సిద్ధము చేయవలెను. యువతుల పేర్లు విడిచిపెట్టరాదు.

2. బ్యాంకుల ప్రకటనలు వెలువడినప్పుడు పంచాయతీ నోటీసు బోర్డుపై తెలుగులో వ్రాయించి, ఆఖరు తేదీని పెద్ద అక్షరములతో చూపవలెను.

3. ఆధార్, కులధ్రువీకరణ పత్రము, మార్కుల జాబితాలు ముందుగానే సిద్ధపరచుకొనునట్లు చూడవలెను. పదవ తరగతిలో గాని ఇంటర్మీడియెట్‌లో గాని తెలుగు చదివినట్లు రుజువు చూపినవారికి స్థానిక భాషా పరీక్ష అక్కరలేదని స్టేట్ బ్యాంకు ప్రకటన తెలిపినది. కనుక ఆ జాబితా విలువైనది.

4. ఒడంబడికపై సంతకము చేయుటకు ముందు అందలి షరతులను చదివించి వినవలెను.

5. "ఇంత సొమ్మిచ్చినచో బ్యాంకులో చేర్పింతును" అను దళారిని ఊరిలో అడుగు పెట్టనీయరాదు. ప్రకటనలో చూపిన దరఖాస్తు రుసుము తప్ప వేరొక పైసా ఎవరికిని ఇయ్యనక్కరలేదు.

6. నగరమునకు వెళ్లు యువతులకు క్షేమకరమైన వసతి చూచుటలో తల్లిదండ్రులకు సాయపడవలెను. వసతి దొరకదను భయముతోనే కొందరు ఆడపిల్లల చదువు పట్టాతో ఆగిపోవును.

రోడ్డు, మంచినీరు, వీధిదీపములు పంచాయతీ బాధ్యతలు. చదివిన యువజనులకు దారి చూపుటయు దానికి తీసిపోని బాధ్యతయే. దీనికి నిధులు అక్కరలేదు; ప్రకటనను సకాలమున చదివి, ఇంటింటికి తెలియజేయు శ్రద్ధ చాలును. వచ్చు గ్రామసభలోనే ఈ విషయమును చర్చించి, జాబితా తయారు చేయు పనిని ఒక సభ్యునికి గాని సభ్యురాలికి గాని అప్పగింతురు గాక!